బాంబే బైసికిల్ క్లబ్: బడి స్నేహితుల బ్యాండ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బాంబే బైసికిల్ క్లబ్ అంటే ఎవరు? ముంబైతో గానీ సైకిళ్ళతో గానీ వీరికి సంబంధం ఉందా?

ఉత్తర లండన్‌లోని క్రౌచ్ ఎండ్ ప్రాంతంలో 2005లో మొదలైన నలుగురు సభ్యుల ఇండీ బ్యాండ్, అంటే పెద్ద రికార్డు కంపెనీల మీద ఆధారపడకుండా సొంతంగా సాగే బ్యాండ్ ఇది. పాటలు పాడుతూ, గిటారు, కీబోర్డు వాయిస్తూ, దాదాపు అన్ని పాటలకూ సంగీతం సమకూర్చేది జాక్ స్టెడ్‌మన్. జేమీ మకాల్ గిటారు, సురేన్ డి సారమ్ డ్రమ్స్, ఎడ్ నాష్ బేస్ గిటారు వాయిస్తారు. పేరు చూసి వీరిని భారతీయ సంతతి బృందంగానో, సైకిలు తొక్కేవారి సంఘంగానో అనుకోవడం సహజమే గానీ, ఆ పేరు అప్పట్లో లండన్‌లో అనేక శాఖలతో నడిచిన ఒక భారతీయ రెస్టారెంటుది. పిల్లలు దాని ముందు నుంచి వెళుతూ బోర్డు మీద చూసిన పేరును తమ బ్యాండుకు పెట్టుకున్నారు. ఆ రెస్టారెంట్లు తర్వాత మూతపడ్డాయి, పేరు మాత్రం బ్యాండుకు మిగిలింది. భారతదేశంతో వీరికి నిజమైన సంగీత బంధం చాలా ఏళ్ళ తర్వాత ఏర్పడింది. దాని గురించి కింద వివరంగా ఉంది.

బ్యాండ్ బడిలో ఎలా మొదలైంది?

స్టెడ్‌మన్, మకాల్, డి సారమ్ ముగ్గురూ హ్యాంప్‌స్టెడ్‌లోని యూనివర్సిటీ కాలేజ్ స్కూల్ విద్యార్థులు. దాదాపు పదిహేనేళ్ళ వయసులో వారు తొలిసారి అందరి ముందు వాయించినది ఆ బడి అసెంబ్లీలోనే. బేస్ వాయించే స్థానం మొదట్లో కుదురుకోలేదు, ఎడ్ నాష్ చేరిన తర్వాతే ఇప్పుడు మనకు తెలిసిన బృందం పూర్తయింది. అప్పటి నుంచి ఇప్పటి వరకు ఆ నలుగురే కొనసాగుతున్నారు. ఆల్బమ్ ఆల్బమ్‌కూ సభ్యులు మారిపోయే ఈ రంగంలో ఇది అరుదైన విషయమని నేను ఎప్పుడూ గట్టిగా చెబుతాను, ఎందుకంటే వీరి సంగీతం ఒక్కో ఆల్బమ్‌లో ఒక్కో దిక్కుకు తిరిగినా చెదరకుండా నిలిచింది ఈ నలుగురి పరస్పర నమ్మకం మీదనే.

బడి పిల్లల బ్యాండుకు అంత త్వరగా పేరు ఎలా వచ్చింది?

2006లో బ్రిటన్‌లోని ‘వీ ఫెస్టివల్’ నిర్వాహకులు, ఇంకా ఏ కంపెనీతోనూ ఒప్పందం లేని బ్యాండ్ల కోసం ‘రోడ్ టు వీ’ అనే పోటీ పెట్టారు. అందులో గెలిచినవారికి ఆ భారీ ఉత్సవంలో తొలి కచేరీ చేసే అవకాశం దక్కుతుంది. బాంబే బైసికిల్ క్లబ్ ఆ పోటీలో గెలిచింది. అప్పటికి సభ్యులకు సుమారు పదహారేళ్ళు. పోటీ టీవీలో ప్రసారం కావడంతో దేశమంతటా వీరి పేరు వినిపించింది, రికార్డు కంపెనీల చూపూ పడింది.

మరి వెంటనే పెద్ద కంపెనీతో ఒప్పందం ఎందుకు చేసుకోలేదు?

ఈ బ్యాండ్ ప్రస్థానంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే నిర్ణయం ఇదే కనుక కాస్త వివరంగా చెబుతాను. పోటీలో గెలిచాక చదువు మానేసి సంగీతంలోకి దూకే అవకాశం వారి ముందు ఉంది. అయితే వారు ఎ లెవెల్స్, అంటే మన ఇంటర్మీడియట్ స్థాయికి సమానమైన చదువు పూర్తయ్యే దాకా ఆగారు. ఆ మధ్య కాలంలో ఖాళీగా కూర్చోలేదు. ‘మ్మ్మ్ రికార్డ్స్’ అనే సొంత లేబుల్, అంటే రికార్డు కంపెనీ, పెట్టుకుని, 2007లో ‘ద బాయ్ ఐ యూజ్డ్ టు బీ’, ‘హౌ వి ఆర్’ అనే రెండు ఈపీలు విడుదల చేశారు. ఈపీ అంటే పూర్తి ఆల్బమ్ కన్నా చిన్నది, నాలుగైదు పాటలతో ఉండేది. వీటికి నిర్మాతగా, అంటే రికార్డింగును దగ్గరుండి నడిపించే వ్యక్తిగా, పనిచేసిన జిమ్ అబ్బిస్ అప్పటికే ఆర్కిటిక్ మంకీస్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ తొలి ఆల్బమ్‌తో పేరు తెచ్చుకున్న వ్యక్తి.

దీనివల్ల జరిగిన మేలు రెండు రకాలుగా కనిపిస్తుంది. మొదటిది, స్టూడియోలో ఏది ఎలా పనిచేస్తుందో, తమ పాట రికార్డు మీద ఎలా వినిపిస్తుందో, పెట్టుబడి పెట్టినవారి ఒత్తిడి లేకుండా నేర్చుకునే వీలు దొరికింది. రెండోది, ఐలండ్ రికార్డ్స్ లాంటి పెద్ద సంస్థతో చేతులు కలిపే నాటికి తమకేం కావాలో వారికి తెలుసు. పదహారేళ్ళ వయసులో సంతకం పెట్టి, మొదటి ఆల్బమ్ అమ్ముడుపోకపోతే రెండేళ్ళలో కనుమరుగైన యువ బ్యాండ్లు ఆ దశకంలో బ్రిటన్‌లో అనేకం ఉన్నాయి. చదువు కోసం ఆగడాన్ని చాలామంది అవకాశం జారవిడుచుకోవడంగా చూస్తారు, ఈ బృందం విషయంలో మాత్రం ఆ ఆగడమే పునాది అయిందని నా అభిప్రాయం.

తొలి ఆల్బమ్ ఎలా ఉంటుంది?

2009 జులైలో వచ్చిన ‘ఐ హ్యాడ్ ద బ్లూస్ బట్ ఐ షుక్ దెమ్ లూజ్’ గిటార్ల హోరుతో, ఉరకలు వేసే లయతో నిండిన ఆల్బమ్. దీనికీ జిమ్ అబ్బిసే నిర్మాత. ‘ఈవినింగ్ మార్నింగ్’, ‘డస్ట్ ఆన్ ద గ్రౌండ్’, ‘ఆల్వేస్ లైక్ దిస్’ అనే పాటలు ఇప్పటికీ వారి కచేరీల్లో శ్రోతలు గొంతు కలిపే పాటలు. స్టెడ్‌మన్ గొంతులో సన్నని వణుకు ఒకటి ఉంటుంది. గట్టిగా పాడుతున్నప్పుడు కూడా ఎవరికో రహస్యం చెబుతున్నట్టు వినిపించే ఆ గాత్రం మొదట కొందరికి నచ్చదు, అలవాటైతే మాత్రం వదలదు. మరుసటి ఏడాది, అంటే 2010లో, బ్రిటిష్ సంగీత పత్రిక ఎన్‌ఎమ్‌ఈ ఇచ్చే పురస్కారాల్లో ఉత్తమ కొత్త బ్యాండుగా వీరు ఎంపికయ్యారు.

అలాంటి గుర్తింపు వచ్చిన వెంటనే నిశ్శబ్దమైన రెండో ఆల్బమ్ ఎందుకు చేశారు?

కొత్త బ్యాండుగా బహుమతి అందుకున్న ఏడాదే, తొలి ఆల్బమ్ వచ్చిన సంవత్సర కాలానికే, 2010 జులైలో ‘ఫ్లాస్’ వచ్చింది. ఎలక్ట్రిక్ గిటార్లను పక్కన పెట్టి, తీగలను వేళ్ళతో మీటే అకూస్టిక్ గిటార్లతో చేసిన జానపద ఛాయల ఆల్బమ్ ఇది. రాక్ కచేరీలకు వచ్చే కుర్రకారు ఎగిరి గంతులు వేయడానికి ఇందులో దాదాపు ఏమీ లేదు. ‘రిన్స్ మి డౌన్’, ‘ఐవీ అండ్ గోల్డ్’ లాంటి సొంత పాటలతో పాటు, బ్రిటిష్ జానపద గాయకుడు జాన్ మార్టిన్ పాటనూ, అమెరికన్ హార్ప్ కళాకారిణి జొయాన్నా న్యూసమ్ పాటనూ తమదైన పద్ధతిలో పాడారు.

సాధారణంగా ఏ లేబుల్ అయినా మొదటి ఆల్బమ్ లాంటిదే రెండోదీ కావాలని అడుగుతుంది. అయినా ‘ఫ్లాస్’ అమ్మకాలను బట్టి వేసే బ్రిటిష్ ఆల్బమ్ పట్టికలో 8వ స్థానానికి చేరింది, తొలి ఆల్బమ్ ఆ ఎత్తుకు చేరనే లేదు. వినేవారు తమతో పాటు మారడానికి సిద్ధంగా ఉన్నారని ఈ ఆల్బమ్‌తో వారికి తెలిసింది. తర్వాత చేసిన సాహసాలన్నిటికీ ధైర్యం ఇక్కడే దొరికిందని నేను నమ్ముతాను. అందుకే ఎవరైనా వీరి ఆల్బముల్లో కీలకమైనది ఏదని అడిగితే, అత్యధికంగా అమ్ముడైనవాటిని పక్కన పెట్టి దీని పేరే చెబుతాను.

మకాల్, డి సారమ్ కుటుంబాల్లో సంగీతకారులు ఉన్నారని విన్నాం. నిజమేనా?

నిజమే. జేమీ మకాల్ తాతగారు ఇవాన్ మకాల్, నాయనమ్మ పెగీ సీగర్. ఇరవయ్యో శతాబ్దంలో బ్రిటన్‌లో జానపద గీతాలకు కొత్త ఊపిరి పోసిన ఉద్యమంలో ఈ దంపతులది ప్రముఖ స్థానం. జేమీ తండ్రి నీల్ మకాల్ కూడా గిటారిస్టే, మేనత్త కర్స్టీ మకాల్ పేరున్న గాయని. సురేన్ తండ్రి రోహన్ డి సారమ్ శ్రీలంక మూలాలున్న చెల్లో విద్వాంసుడు. ఆయన ఆర్డిట్టి క్వార్టెట్ అనే నలుగురు తీగ వాద్యకారుల బృందంలో దశాబ్దాల పాటు ఆధునిక పాశ్చాత్య సంగీతం వాయించడమే కాక, శ్రీలంకలోని క్యాండీ సంప్రదాయ డోలు కూడా వాయించేవారు. తీగ వాద్యకారుడి ఇంట పుట్టిన కొడుకు డ్రమ్స్ వాయించడం వెనుక ఆ డోలు పాత్ర ఎంతో చెప్పలేం గానీ, చప్పుడు ఎక్కడ తగ్గించాలో తెలిసిన సురేన్ వాయింపులో ఇంటి సాధన వినిపిస్తుంది. జానపద సంగీతాన్ని చిన్ననాటి నుంచి విన్న ఇంటి అబ్బాయి ఉన్న బ్యాండ్ ‘ఫ్లాస్’ లాంటి ఆల్బమ్ చేయడంలోనూ ఆశ్చర్యం లేదు.

మూడో ఆల్బమ్ గురించి?

2011లో వచ్చిన ‘ఎ డిఫరెంట్ కైండ్ ఆఫ్ ఫిక్స్’ మళ్ళీ దారి మార్చింది. జిమ్ అబ్బిస్‌తో పాటు, అట్లాంటాకు చెందిన బెన్ అలెన్ కూడా నిర్మాతగా పనిచేశారు. స్టెడ్‌మన్ కంప్యూటర్ మీద చిన్న చిన్న శబ్దపు ముక్కలను కోసి, వాటిని మళ్ళీ మళ్ళీ తిరిగేలా లూపులుగా అల్లి, వాటి మీద పాట కట్టడం ఇక్కడే బలపడింది. ‘షఫుల్’ అనే పాట మొదట్లో తడబడుతున్నట్టు వినిపించే పియానో ముక్క ఆ పద్ధతికి మంచి ఉదాహరణ. పట్టికలో ఇది 6వ స్థానం అందుకుంది.

‘నాగిన్’ సినిమా బాణీని వీరు వాడుకున్నారట. ఆ కథ ఏమిటి?

నాలుగో ఆల్బమ్ ‘సో లాంగ్, సీ యూ టుమారో’ 2014 ఫిబ్రవరిలో విడుదలైంది. దాని కోసం స్టెడ్‌మన్ భారతదేశం, టర్కీ, జపాన్ వంటి దేశాలు తిరుగుతూ పాటలు కట్టుకున్నారు. ఆ ఆల్బమ్‌లోని ‘ఫీల్’ అనే పాటలో 1954 నాటి హిందీ చిత్రం ‘నాగిన్’ లోని ‘మన్ డోలే మేరా తన్ డోలే’ పాట శాంపిల్, అంటే పాత రికార్డు నుంచి తీసుకున్న ముక్క, ఉంది. హేమంత్ కుమార్ సంగీతంలో లతా మంగేష్కర్ పాడిన పాట అది. తెరమీద నటించిన వైజయంతిమాల అంతకు ముందే 1950లో ‘జీవితం’ చిత్రంతో తెలుగువారికి పరిచయమైన తార.

ఈ బాణీని తెలుగువారికి వేరే పరిచయం చేయనక్కరలేదు. మన ఊళ్ళలో పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండు మేళం ఈ వరుస అందుకోగానే కుర్రవాళ్ళు జేబురుమాలు నోట కరచుకుని పాములాగా ఆడడం తరతరాలుగా సాగుతున్నదే. చాలామందికి తెలియని విషయం మాత్రం ఒకటి ఉంది. ఆ పాటలో వినిపించే పాములవాడి నాగస్వరం అసలు నాగస్వరం కాదు. హేమంత్ కుమార్‌కు అప్పట్లో సహాయకుడిగా ఉన్న కల్యాణ్‌జీ, తర్వాత కల్యాణ్‌జీ ఆనంద్‌జీ జంటగా ప్రసిద్ధుడైనవారు, క్లావియోలిన్ అనే తొలితరం ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద ఆ స్వరాలు పలికించారు. మరో సహాయకుడు రవి హార్మోనియంతో తోడందించారు. అంటే పాములవాడి బూర శబ్దాన్ని బొంబాయి స్టూడియోలో ఒక విద్యుత్ వాద్యం అనుకరించింది. ఆ అనుకరణను అరవై ఏళ్ళ తర్వాత లండన్ యువకుడు కంప్యూటర్‌లోకి ఎక్కించి కొత్త లయ మీద కూర్చోబెట్టాడు.

పరాయి సంస్కృతిని అలంకారంగా వాడుకున్నారన్న అభ్యంతరం న్యాయమైనదేనా?

అడగదగిన ప్రశ్నే. పాశ్చాత్య పాప్ సంగీతం భారతీయ ధ్వనులను అగరొత్తి పొగలా పైపైన చల్లుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. ‘ఫీల్’ విషయంలో నా అంచనా వేరు. ఆ వరుసను తీసేస్తే ఆ పాటే ఉండదు. లయ, బేస్, గాత్రం అన్నీ దాని చుట్టూ కట్టినవి. పైగా వారు ఎంచుకున్నది పురాతన రహస్యంగా చూపే శాస్త్రీయ రాగాన్ని కాకుండా జనం మధ్య బతికిన సినిమా పాటను, అంటే తమ పాటలాగే జనాదరణ కోసం పుట్టిన పాటను. ఇంత చెప్పాక కూడా, పేరులో బాంబే ఉండి, పాటలో ‘నాగిన్’ ఉన్నప్పుడు ఒక భారతీయ శ్రోతకు కలిగే ఇబ్బందిని నేను తోసిపుచ్చను.

ఈ ఆల్బమ్‌కు ఆదరణ ఎలా ఉంది?

బ్రిటిష్ పట్టికలో 1వ స్థానం పొందిన వీరి ఏకైక ఆల్బమ్ ఇదే. ఏటా ఒక ఉత్తమ ఆల్బమ్‌కు బ్రిటన్‌లో ఇచ్చే మెర్క్యురీ పురస్కారానికి 2014లో నామినేట్ అయింది. గాయని రే మోరిస్ తోడుగా పాడిన ‘లూనా’ ఇందులోనిదే.

ఎర్ల్స్ కోర్ట్ చివరి కచేరీ వీరిదేనా?

అవును. 1937లో ప్రారంభమైన లండన్‌లోని ఎర్ల్స్ కోర్ట్ ప్రదర్శనశాలను కూల్చివేయడానికి ముందు, 2014 డిసెంబర్ 13న జరిగిన ఆఖరి కచేరీ బాంబే బైసికిల్ క్లబ్‌ది. ఆ రాత్రి పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ వేదిక మీదికి వచ్చి వారితో కలిసి వాయించారు. పింక్ ఫ్లాయిడ్ 1980ల ఆరంభంలోనూ, 1994లోనూ అదే శాలలో చేసిన కచేరీలు రాక్ చరిత్రలో నిలిచినవి కనుక, శాలకు వీడ్కోలు పలికే హక్కు ఆయనకు అందరికన్నా ఎక్కువగా ఉంది. ‘ఫ్లాస్’ లోని ‘రిన్స్ మి డౌన్’ కు ఆయన గిటారు కలిపారు. వేల మంది నిండిన ఆ విశాలమైన శాలలో వినిపించడానికి ఎంచుకున్నది ఆ చిన్న పాట కావడం నాకు చాలా ఇష్టమైన విషయం.

ఇంత విజయం తర్వాత 2016లో ఎందుకు ఆపేశారు? గొడవలు వచ్చాయా?

గొడవ పడి విడిపోయారన్న మాట సరైనది కాదు. 2016 జనవరిలో తాము విరామం తీసుకుంటున్నామని, ఒక్కొక్కరూ తమ సొంత పనులు చేసుకుంటామని వారే ప్రకటించారు. పదిహేనేళ్ళ వయసులో కలిసినవారు ఇరవైల నడిమికి వచ్చారు. అప్పటిదాకా బతుకంతా పాటలు కట్టడం, రికార్డు చేయడం, ఊరూరా తిరగడం మధ్యనే గడిచింది. బ్యాండులో సభ్యుడిగా తప్ప వేరుగా తానెవరో తెలుసుకునే వ్యవధి ఎవరికీ దొరకలేదు.

విరామంలో వారు చేసిన పనులు చూస్తే ఆ నిర్ణయంలోని నిజాయితీ అర్థమవుతుంది. స్టెడ్‌మన్ ‘మిస్టర్ జ్యూక్స్’ అనే పేరుతో జాజ్, సోల్ ఛాయలున్న ‘గాడ్ ఫస్ట్’ ఆల్బమ్‌ను 2017లో తెచ్చారు. అందులో ఎక్కువ పాటలు అతిథి గాయకుల గొంతుల్లో ఉన్నాయి. ఎప్పుడూ వెనుక నిలబడే ఎడ్ నాష్ అదే ఏడాది ‘టూత్‌లెస్’ పేరుతో తానే పాడి ‘ద పేస్ ఆఫ్ ద పాసింగ్’ అనే ఆల్బమ్ విడుదల చేశారు. సురేన్ ఇతర కళాకారులకు డ్రమ్స్ వాయించారు. జేమీ మకాల్ అయితే సంగీతాన్నే పక్కన పెట్టి, లండన్ కింగ్స్ కాలేజీలో యుద్ధ అధ్యయనాలు చదివి, తర్వాత సైబర్ భద్రత పరిశోధకుడిగా స్థిరపడ్డారు. బ్యాండ్ తిరిగి మొదలైన తర్వాత కూడా ఆయన ఆ పనిని వదల్లేదు. బడి వయసులో చదువు కోసం ఆగినవారే పెద్దయ్యాక మళ్ళీ చదువు కోసం, ఇతర ఆసక్తుల కోసం ఆగారు.

మళ్ళీ ఎప్పుడు కలిశారు?

2019లో. అప్పటికి తొలి ఆల్బమ్‌కు పదేళ్ళు నిండాయి. ఆ సందర్భంగా ఆ ఏడాది చివర్లో ఆల్బమ్ మొత్తాన్నీ వేదికల మీద వాయించారు. జాన్ కాంగిల్టన్ నిర్మాతగా రికార్డు చేసిన ఐదో ఆల్బమ్ ‘ఎవ్రీథింగ్ ఎల్స్ హ్యాజ్ గాన్ రాంగ్’ 2020 జనవరిలో వచ్చి 4వ స్థానానికి చేరింది. అన్నీ తలకిందులైనప్పుడు సంగీతం ఒక్కటే తోడని చెప్పే ఆ పేరు, రెండు నెలల్లో కరోనా వల్ల ప్రపంచమంతటా కచేరీలు ఆగిపోవడంతో, రాసినప్పుడు అనుకోని అర్థాన్ని కూడా తెచ్చుకుంది.

ఆరో ఆల్బమ్ ‘మై బిగ్ డే’ 2023 అక్టోబర్‌లో, ఈసారి మళ్ళీ సొంత లేబుల్ పేరుతో వచ్చింది. నిర్మాణ బాధ్యత స్టెడ్‌మన్‌దే. బ్రిటిష్ బ్యాండ్ బ్లర్ గాయకుడు డేమన్ ఆల్బర్న్, అమెరికన్ గాయని చాకా ఖాన్, నిలుఫర్ యాన్యా, జే సోమ్, హాలీ హంబర్‌స్టోన్ అతిథులుగా పాడారు. చిన్నప్పుడు దూరం నుంచి అభిమానించిన తరం వారూ, తమ తర్వాత వచ్చిన తరం వారూ ఒకే ఆల్బమ్‌లో కనిపిస్తారు.

ఐలండ్ పెద్ద సంస్థ కదా, అలాంటప్పుడు వీరిని ఇండీ బ్యాండ్ అనవచ్చా?

ఐలండ్ రికార్డ్స్ యూనివర్సల్ మ్యూజిక్ గ్రూపులో భాగమే కనుక, వ్యాపారపరంగా చూస్తే 2009 తర్వాత కొన్నేళ్ళు వీరు పూర్తి స్వతంత్రులు కారు. అయితే సొంత లేబుల్‌తో మొదలై, పెద్ద సంస్థలో ఉన్నప్పుడు కూడా తమకు నచ్చిన దిక్కుకే నడిచి, చివరికి సొంత లేబుల్‌కే తిరిగి చేరిన బ్యాండును ఆ పేరుతో పిలవడం తప్పు కాదనుకుంటాను.

ఆడ గొంతులు చాలా పాటల్లో వినిపిస్తాయి. వారూ సభ్యులేనా?

సభ్యులు కారు, అతిథులు. ‘ఫ్లాస్’ నాటి నుంచి ఎన్నో పాటల్లో తోడు గాత్రం అందించిన లూసీ రోజ్ తర్వాత సొంత ఆల్బములతో పేరు తెచ్చుకున్నారు. లిజ్ లారెన్స్ కచేరీల్లో వారితో పాడారు.

కొత్తగా వినేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

సినిమా పాటల మీద పెరిగిన తెలుగు శ్రోతలకు నా సలహా ‘ఫీల్’ తో మొదలుపెట్టమని, ఎందుకంటే తెలిసిన బాణీ చేయి పట్టుకుని లోపలికి తీసుకెళుతుంది. అక్కడి నుంచి ‘లూనా’, ‘షఫుల్’ వినండి. తర్వాత ఏకాంతంగా ఉన్నప్పుడు, వీలైతే ఇయర్‌ఫోన్లతో, ‘ఫ్లాస్’ ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి వరకు వరుసగా వినండి. తొలి ఆల్బమ్‌ను ఆఖరుకు ఉంచుకోవడం మంచిది. మిగిలినవన్నీ విన్నాక అందులోని ‘ఆల్వేస్ లైక్ దిస్’ కు వస్తే, పాట పొడవునా తిరిగి తిరిగి వచ్చే ఆ బేస్ వరుసలో తర్వాతి లూపుల పద్ధతి అప్పుడే మొలకెత్తి ఉండడం స్పష్టంగా వినిపిస్తుంది.